సున్న ఉన్న పేర్లు

మా నిడదవోలు పశ్చిమ గోదావరి లోంచి తూర్పు గోదావరిలోకి మారిన మరుసటి ఏడాది, వర్షాకాలంలో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను రాజమండ్రిలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగం చూస్తూ చాలా ఏళ్ళయింది. విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఆక్సిజన్ సిలిండర్లు పెట్టే చోటు పక్కన ఒక ఇరుకు గది, అందులో ఒక సర్వర్, ఒక ఏసీ, నేను. ఏసీ కూడా సర్వర్ కోసం పెట్టించిందే, నా కోసం కాదు.

రోజూ పొద్దున్నే నిడదవోలులో ప్యాసింజర్ ఎక్కి, కొవ్వూరు దాటి, వంతెన మీంచి గోదావరిని చూసుకుంటూ రావడం, సాయంత్రం అదే వంతెన మీద వెనక్కి పోవడం. జుట్టు నెరిసినా ఆసుపత్రిలో నేను 'కంప్యూటర్ అమ్మాయి'నే. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే నేను, డాక్టరు గారి ఫోన్ ఫొటోలతో నిండిపోతే నేను, క్యాంటీన్లో టీవీ రాకపోయినా నేనే. కానీ నా అసలు పని ఏంటో అక్కడ ఎవరికీ తెలియదు. పిల్లల డాక్టరుకి ఒక కేసు అంతుపట్టకపోతే భోజనాల దగ్గర ఇంకో డాక్టరుని అడుగుతారు. నర్సులకి నర్సులున్నారు. నాకు డేటాబేస్ గురించి ఒక మాట అడగాలంటే గోదావరికి ఈ ఒడ్డునా లేరు, ఆ ఒడ్డునా లేరు. ఇంట్లోనూ అంతే. అమ్మా నాన్నా పోయాక మా లూథరన్ చర్చి వెనక వీధిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక కథ ఏమీ లేదు, కుదరలేదంతే. ఒంటరితనం నాకు అలవాటే గానీ, అలవాటైనంత మాత్రాన ఇష్టమని కాదు.

డేటాబేస్ అంటే మా పేషెంట్ల వివరాలన్నీ పట్టికలుగా దాచే చోటు. అందులో పేర్లు తెలుగులోనే ఉండాలని మొదట్లో పట్టుబట్టింది నేనే. ఇంగ్లీషులో రాసిన రోజుల్లో స్పెల్లింగుకో మనిషి పుట్టుకొచ్చేవారు. ఒకే లక్ష్మి నాలుగు రకాలుగా నాలుగు చోట్ల ఉండేది. తెలుగులో రాస్తే ఆ గొడవ లేదు, పలికినట్టే రాస్తాం. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, అక్షర క్రమంలో. ఆ క్రమాన్ని చూసుకునేది ఇండెక్స్. లావుపాటి పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో వరసగా రాస్తారు కదా, అలాంటిదే. పేరు కొట్టగానే కంప్యూటరు లక్షల పేర్లు చదవదు, ఇండెక్స్ చూసి నేరుగా ఆ పేజీకి వెళ్తుంది.

ఆ రోజు నేను గొడుగు మడిచేలోపే కౌంటర్ నుంచి జ్యోతి ఫోన్ చేసింది. జ్యోతి రిజిస్ట్రేషన్ చూసే అమ్మాయి. చురుకైనది, కాస్త తొందర మనిషి.

"మేడం, ఒక పాత పేషెంటు దొరకడం లేదండి. మత్తు డాక్టరు గారు అర్జెంటుగా కావాలంటున్నారు."

"స్పెల్లింగ్ చూశావా?"

"తెలుగులో స్పెల్లింగ్ ఏంటండి మేడం. చింతా సుందరమ్మ గారు, కడియం. అంతేగా."

నేనూ కొట్టాను. 'రికార్డు లేదు' అంది. చింత అని కొట్టాను, చింతల అని కొట్టాను. లేదు, లేదు.

"ఇలా దొరకనప్పుడు మీరేం చేస్తున్నారు?" అని అడిగాను.

"కొత్త నంబర్ ఇచ్చేస్తున్నామండి. ఈ మధ్య చాలామందికి ఇచ్చాం."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అదే పేరు, అదే ఊరు, అదే పుట్టిన ఏడాది ఉన్న మనిషికి రెండో రికార్డు చేయబోతే కంప్యూటరు ఒప్పుకోకూడదు. ఆ కట్టడి పెట్టిందీ నేనే. మరి ఒప్పుకుంటోందంటే, పాతవాళ్ళు నిజంగానే చెరిగిపోయి ఉండాలి. డిస్కు పాడై రికార్డులు పోయాయేమో అనుకున్నాను.

ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళాను. సుందరమ్మ గారు కిటికీ పక్క మంచం మీద ఉంది. అరవై దాటిన మనిషి, చేతులు మట్టి పని చేసి మోటుదేలి ఉన్నాయి. కడియంలో ఒక నర్సరీలో మొక్కలకి అంట్లు కడుతుందట. లారీకి మొక్కలు ఎక్కిస్తుంటే తడి మట్టిలో కాలు జారి తుంటి ఎముక విరిగింది.

"ఇంటిపేరు చింతాయేనా అండి? చింత కాదు కదా?"

"చింతా. దీర్ఘం ఉందమ్మా. ఉన్నన్నాళ్ళూ మా ఆయన ఆ దీర్ఘం తగ్గితే ఊరుకునేవాడు కాదు."

"ఇదివరకు ఇక్కడే ఆపరేషన్ అయిందా?"

"ఇక్కడేనమ్మా. పిత్తాశయంలో రాళ్ళకి. బల్ల మీద ఏదో ఇంజెక్షన్ ఇచ్చారు, ఇక ఊపిరాడలేదు. ఒళ్ళంతా దద్దుర్లు. చచ్చి బతికానన్నారు. అప్పుడు పెద్ద డాక్టరు గారు, ఆ మందు పేరు కంప్యూటర్లో ఎక్కించాం, ఇక నువ్వు గుర్తుపెట్టుకోనక్కర్లేదు అన్నారు. చీటీ కూడా ఇచ్చారు గానీ తుఫానుకి ఇంట్లోకి నీళ్ళొచ్చి అదీ పోయింది."

"మీతో ఎవరు వచ్చారండి?"

"లారీ డ్రైవరు దింపి పోయాడు. లారీలో మొక్కలున్నాయి కదా, వాడెక్కడ ఆగుతాడు." కాసేపు నా ముఖం చూసి, "నేను ఇక్కడ ఉన్నాను కదమ్మా. మరి కంప్యూటరు లేనంటుందేంటి?" అంది.

సరిగ్గా చూస్తానండి అన్నాను.

వరండాలో మత్తు డాక్టరు గారు ఎదురయ్యారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. పాత కాగితం ఫైళ్ళు కొన్నేళ్ళు దాటితే తీసేస్తారని ఆయనకీ తెలుసు.

"విమల గారూ, ఆపరేషన్ బల్ల మీద నాలుగైదు మందులు వెంటవెంటనే ఇస్తాం. వాటిలో ఏది పడలేదో ఆవిడకి తెలియదు. ఏది వద్దో తెలియకుండా ఏది ఇవ్వమంటారు?"

"ఎన్నాళ్ళు ఆగొచ్చండి?"

"ఎముక విరిగిన పెద్దావిడని కదలకుండా పడుకోబెడితే నెమ్ము చేస్తుంది. రేపు పొద్దున దాకా చూస్తాను. తర్వాత గుడ్డిగానే వెళ్ళాలి."

గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. వాన శబ్దం, సర్వర్ ఫ్యాను శబ్దం. అంత పెద్ద ఆసుపత్రిలో, అన్ని వందల మంది మధ్య, ఆ కష్టం ఏంటో అర్థమయ్యే మనిషి ఒక్కరంటే ఒక్కరు లేరు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఫోరమ్ తెరిచాను.

ఫోరమ్ అంటే ఆ డేటాబేస్ వాడేవాళ్ళంతా కలిసి నడుపుకునే ఒక చర్చావేదిక. మాది ఉచితంగా దొరికే డేటాబేస్, దానికి ఫోన్ చేసి తిట్టడానికి కంపెనీ ఉండదు. వాడేవాళ్ళకి వాడేవాళ్ళే దిక్కు. అన్నాళ్ళూ నేను అక్కడ చదివి వెళ్ళిపోయేదాన్నే తప్ప నోరు విప్పలేదు. మన ఇంగ్లీషు చూసి నవ్వుతారేమోనని బిడియం. ఆ రోజు బిడియానికి తీరిక లేదు. జరిగింది రాసి, చివర్న 'మేము ఏమీ మార్చలేదు' అని చేర్చాను.

మొదట జవాబిచ్చిన పెద్దమనిషి, ప్రశ్న అడిగే పద్ధతి తెలుసుకుని రమ్మన్నాడు. ప్రభుత్వాఫీసులు ఇక్కడే కాదు, అంతటా ఉన్నాయనుకున్నాను. రెండో జవాబు గ్రే హెరాన్ అనే పేరుతో వచ్చింది. గ్రే హెరాన్ అంటే మన చెరువు గట్ల మీద ఒంటరిగా నిలబడే నారాయణ పక్షి. ఆ మనిషి రాసిన ఇంగ్లీషు ఇంచుమించు ఇలా ఉంది.

"ముందు దేన్నీ ముట్టుకోకండి. మొత్తానికీ ఒక కాపీ తీసి వేరే చోట దాచండి. తర్వాత చెప్పండి, ఏం మార్చారు? ఏమీ మార్చలేదని అందరూ అంటారు."

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. కాపీ తీస్తుండగా గుర్తొచ్చింది. వేసవిలో పాత సర్వర్ ముసలిదైపోయిందని కొత్త యంత్రంలోకి మార్చాం. డేటాబేస్ ఫోల్డర్ ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టాం. డేటాబేస్ అదే, వెర్షన్ అదే, కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే కొత్తది. అది మార్పు కింద లెక్కే వేసుకోలేదు. అదే రాశాను.

"ఏ పేర్లు దొరుకుతున్నాయి, ఏవి దొరకడం లేదు? రెండు వరసలుగా రాసి పెట్టండి" అని అడిగింది నారాయణ పక్షి.

పేషెంట్ల పూర్తి పేర్లు బయట పెట్టకూడదు. అందుకని జ్యోతిని అడిగి ఇంటిపేర్లు మాత్రం పెట్టాను. దొరికే వరసలో కాకర, మోటూరి, వేగి, సలాది. దొరకని వరసలో చింతా, బండి, కంచర్ల, పంపన, తుంపాల.

"నాకు మీ లిపి రాదు. కానీ దొరకని ప్రతి పేరులోనూ ఒక చిన్న గుండ్రటి గుర్తు ఉంది. దొరికిన వాటిలో లేదు. అదేంటి, జీరోనా?"

ఆ వాక్యం చదివి కుర్చీలో వెనక్కి వాలిపోయాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తెలుగు చదువుతున్నాను. మా నాన్న తెలుగు మాస్టారు. అయినా ఆ రెండు వరసలూ నాకు మనుషుల పేర్లలాగే కనిపించాయి తప్ప గుర్తులుగా కనిపించలేదు. అక్షరం ముక్క రాని మనిషికి ఒక్క చూపులో దొరికిపోయింది. సున్న.

"అది సున్నే, కానీ జీరో కాదు. పక్క అక్షరానికి ముక్కుతో పలికే ధ్వని ఇస్తుంది. మా భాషలో ఈ అక్షరాన్నీ, ఏమీ లేకపోవడాన్నీ ఒకే మాటతో పిలుస్తాం" అని రాశాను.

"అయితే మీ మనుషులు ఎక్కడికీ పోలేదు. అక్షరాల వరస మారింది" అని వచ్చింది జవాబు.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. ఏ అక్షరం ముందు, ఏది వెనక అనే నియమాన్ని మా వృత్తిలో కొలేషన్ అంటారు. ఆ నియమం డేటాబేస్‌ది కాదు, దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ది. పాత సిస్టమ్ సున్నని ఒక చోట కూర్చోబెట్టేది, కొత్తది ఇంకో చోట కూర్చోబెడుతోంది. ఇండెక్స్ మాత్రం పాత వరసలో కట్టినదే. కొత్త నియమంతో పాత ఇండెక్స్‌లో వెతికితే కంప్యూటరు వేరే పేజీకి వెళ్ళి, అక్కడ మనిషి లేకపోతే, లేరని నిబ్బరంగా చెప్పేస్తుంది. పోయినట్టు కూడా అనదు, అసలు ఎప్పుడూ లేరంటుంది.

అర్థం కాకపోతే మా ఊరినే చూడండి. నిడదవోలు ఉన్న చోటే ఉంది. స్టేషనూ, కాలవా, మా ఇల్లూ అంగుళం కదల్లేదు. జాబితాలో మాత్రం పశ్చిమ లోంచి తూర్పులోకి మారింది. ఇప్పుడెవరైనా పశ్చిమ గోదావరి పేజీ తీసి వెతికితే, అలాంటి ఊరే లేదంటారు. నేను ఆ పోలికే రాసి పంపాను. నారాయణ పక్షికి నచ్చింది, తన దగ్గర దాచుకుంటానంది.

అనుమానం తీర్చుకోవడానికి సున్న ఉన్న పేరు ఇంకొకటి కొట్టి చూద్దామనుకున్నాను. చేతికి వచ్చింది నా పేరే. గంధం విమల. ఆసుపత్రి ఉద్యోగులందరికీ పేషెంటు రికార్డు ఉంటుంది, నాకూ ఉంది. ఎంటర్ నొక్కాను.

'రికార్డు లేదు.'

వట్టి సాంకేతిక లోపమని తెలిసి కూడా ఇంకోసారి కొట్టాను. వేసవి నుంచీ నేను ఆ జాబితాలో లేను. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. గమనించడానికి నా కోసం వెతికినవాళ్ళు ఉంటే కదా.

ఆ బాధలో కూర్చోవడానికి వీల్లేకపోయింది. "ఇండెక్స్‌ని నమ్మొద్దు. దాని జోలికి పోకుండా పట్టిక మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా చదవమని చెప్పండి" అని, అందుకు కావలసిన ఆజ్ఞ కూడా రాసి పంపింది నారాయణ పక్షి. ఇచ్చాను. సర్వర్ మూలిగింది. కాసేపు తెర మీద ఏమీ రాలేదు. తర్వాత ఒక వరస వచ్చింది. చింతా సుందరమ్మ, కడియం. దాని కింద ఇంకో వరస. అదే పేరు, అదే ఊరు, పొద్దున నాతో మాట్లాడాక జ్యోతి ఇచ్చిన కొత్త నంబరు. కొత్తదాంట్లో ఏమీ లేదు. పాతదాంట్లో ఎర్ర అక్షరాలతో హెచ్చరిక ఉంది, మందు పేరుతో సహా.

ప్రింట్ తీసుకుని థియేటర్ వైపు పరిగెత్తాను. ఆ కారిడార్లో నేను పరిగెత్తడం ఎవరూ చూసి ఎరగరు. మత్తు డాక్టరు గారు కాగితం తీసుకుని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"విమల గారూ, గుడ్డిగా వెళ్ళాల్సి వస్తే రేపు మొదట ఇద్దామనుకున్నది ఇదే" అన్నారు నెమ్మదిగా.

కాగితాన్ని కేసు షీటుకి గుచ్చారు. తర్వాత ఆయన, "ఇంతకీ ఏం పాడైంది?" అని అడిగారు. అన్నేళ్ళలో నా పని గురించి ఒక డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న అది. సున్న అని చెప్పాను. ఆయన తలూపారు గానీ అర్థమై కాదు.

వార్డుకి వెళ్ళేసరికి సుందరమ్మ గారు తలుపు వైపే చూస్తోంది.

"దొరికానా అమ్మా?"

"దొరికారండి. మీరు ఎక్కడికీ పోలేదు. మేమే తప్పు వీధిలో వెతికాం."

"అదే నేనూ అంటున్నాను" అని కళ్ళు మూసుకుంది.

మర్నాడు ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా అయింది. ఆదివారం, ఔట్ పేషెంట్లు లేని రోజు చూసి నేను రీఇండెక్స్ చేశాను, అంటే పాత సూచికని పారేసి కొత్త వరసలో మళ్ళీ కట్టించడం. మొదట అది మొండికేసింది. ఒకే మనిషి రెండేసి సార్లు ఉంటే కట్టనంది. జ్యోతీ నేనూ కూర్చుని, ఒక్కొక్కరికి ఫోన్ చేసి కనుక్కుని, ఇద్దరైన మనుషులని ఒక్కరుగా కలిపాం. ఆ పిల్ల విసుక్కుంటూనే చేసింది. మధ్యలో ఒకసారి, "మేడం, మీరు రోజూ చేసే పని ఇదా అండి? నేను ప్రింటర్లు బాగుచేస్తారనుకున్నాను" అంది.

ఫోరమ్‌లో కృతజ్ఞతలు రాశాను. నారాయణ పక్షి క్లుప్తంగా, ఇక్కడ నేనూ ఒంటరినే, నా పనిని ఎవరితోనూ చెప్పుకోలేను, మీ సున్న బాగుంది అని రాసింది. ఇంగ్లీషులో రాసినదాన్ని బట్టి ఆడో మగో తెలియదు, ఏ దేశమో తెలియదు. ఆ తర్వాత మళ్ళీ తారసపడలేదు. ఇప్పుడు నేను ఆ వేదికలో కొత్తవాళ్ళకి జవాబులిస్తుంటాను. ఎవరొచ్చినా మొదట, ఏవి దొరుకుతున్నాయి, ఏవి దొరకడం లేదు, రెండు వరసలుగా రాయండి అంటాను. ప్రశ్న అడిగే పద్ధతి తెలుసుకుని రమ్మని మాత్రం అనను.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. 'లేదు' అనే జవాబు వస్తే, లేకపోవడం వేరు, వెతికే దారి చెడిపోవడం వేరు అని గుర్తుంచుకోవాలి. ఎదురుగా మంచం మీద మనిషి నేనున్నానంటుంటే, తెర మీద మాటని నమ్మకూడదు. యంత్రాల విషయంలో అది వెంటనే ఒంటబట్టింది. నా విషయంలో ఒంటబట్టడానికి సుందరమ్మ గారు కావలసి వచ్చింది.

ఆవిడ ఇంటికి వెళ్ళే రోజున డిశ్చార్జి కోసం రికార్డు తెరిచాను. అందులో 'దగ్గరి మనిషి' అని ఒక గడి ఉంటుంది, అవసరమైతే ఎవరిని పిలవాలో రాసేది. ఖాళీగా ఉంది. ఎవరి పేరు రాయమంటారండి అని అడిగాను.

"ఎవరున్నారమ్మా. ఖాళీగా వదిలెయ్యి."

నేను వదల్లేదు. గంధం విమల, నిడదవోలు అని కొట్టి, చదివి వినిపించాను. ఆవిడ నా వైపు తల తిప్పింది. తర్వాత, "మరి నీదాంట్లో ఎవరున్నారు?" అంది.

నా రికార్డు తెరిచాను. ఇప్పుడు ఒక్క క్షణంలో వచ్చింది. ఆ గడిలో మా నాన్న పేరు అలాగే ఉంది, ఆయన పోయాక మార్చనే లేదు.

"నా పేరు రాసుకో తల్లీ" అంది సుందరమ్మ గారు. "చింతా. దీర్ఘం మరిచిపోకు."

దీర్ఘంతో సహా రాశాను. సున్న కూడా సరిగ్గా పడిందో లేదో ఒకసారి చూసుకున్నాను.